వడ్రంగి బల్ల కూడా పాఠ్యపుస్తకమే

మన కళాశాల వెనుక వరండా మూలన కొన్ని పాత బల్లలు ఒకదానిపై ఒకటిగా పేర్చి ఉన్నాయి. కొన్నింటికి కాలు ఊడింది. కొన్నింటికి వీపుపలక వదులైంది. ఒకటి రెండింటి మీద, ఏనాటి విద్యార్థులో చెక్కుకున్న తెలుగు అక్షరాలు, ఉర్దూ అక్షరాలు పక్కపక్కనే కనిపిస్తాయి. వీటిని వంటచెరకు కింద అమ్మివేసి, గవర్నర్‌పేట దుకాణాలలో దొరికే మెరుగుపూత పలకల బల్లలు కొనాలన్న మాట అప్పుడప్పుడు వినబడుతున్నది. కళాశాల కార్యవర్గం వారు ఈ విషయమై ఒక నిర్ణయానికి వచ్చేలోగా, వారూ, విద్యార్థి మిత్రులూ కొంత ఆలోచించవలెనన్న ఉద్దేశంతో ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. నేను చెప్పదలచినది ఒక్కటే. ఆ బల్లలు పారవేయవలసిన సామాను కాదు, చదువవలసిన పుస్తకాలు. వాటిని బాగుచేయడం, క్రొత్తవి చేయడం నేర్పే ఒక చిన్న వడ్రంగి గది మన కళాశాలకు ఉండితీరాలి.

ఈ ఆలోచన నాకు పుట్టించినవాడు ఒక వడ్రంగి మేస్త్రీ. మరేదో పనిమీద కళాశాలకు వచ్చిన ఆయనను ఆ బల్లలు చూపించి, ఇవి ఇక పనికిరావు గదా అని అడిగాను. ఆయన ఒక బల్లను పక్కకు వంచి, కాలు ఊడినచోట బొటనవేలితో తడిమి చూచి, "విరిగింది కొయ్య కాదండీ, వదిలింది బిగువు" అన్నాడు. ఒక పూటలో ఆ బల్ల మళ్ళీ నాలుగు కాళ్ళమీద నిలబడింది. చుట్టూ చేరిన విద్యార్థులలో ఒకడు, "ఎలా చేశారు మేస్త్రీగారూ?" అని అడిగితే, ఆయన నవ్వి, "చెప్తే రాదు బాబూ, చేస్తే వస్తుంది" అన్నాడు. ఆ మాట నిజమే గాని, చెప్పదగినది కూడా కొంత ఉన్నది. ఆ బల్ల నిలబడడంలో మన తరగతి గదులలో చెప్పే శాస్త్రం ఎంత ఇమిడి ఉన్నదో చూద్దాం.

మన పాత బల్ల కాళ్ళకు ఎక్కడా ఇనుపమేకు లేదు. అడ్డకొయ్య కొస మందాన్ని మూడు పాళ్ళుగా గీసి, ఇరుపక్కల పాళ్ళను రంపంతో తీసివేసి, నడిమి పాలును నాలుక వలె నిలిపారు. దానినే కుసి అంటారు. ఆ కుసి సరిగ్గా దూరేటట్లు కాలిలో బెజ్జాన్ని ఉలితో తొలిచారు. కుసి మరీ సన్నమైతే అదే విరుగుతుంది. మరీ లావైతే బెజ్జం చుట్టూ మిగిలే కొయ్య పలచబడి కాలు చీలుతుంది. మూడింట ఒక వంతు అన్న లెక్క ఈ రెండు ప్రమాదాల నడుమ అనుభవం కనిపెట్టిన మధ్యేమార్గం. ఆ పిమ్మట అతుకుకు అడ్డంగా తొలిచి వెదురు చీల బిగించారు. చేయి తిరిగిన పనివాడు కుసిలో వేసే చీలబెజ్జాన్ని కాలిలోని బెజ్జానికి సరిగా ఎదురుగా వేయడు. వెంట్రుకవాసి అడ్డకొయ్య వైపు జరిపి వేస్తాడు. చీల దిగుతున్నకొద్దీ కుసి లోపలికి లాగబడి అతుకు మరింత బిగుస్తుంది. వెనుకకు వాలి కూర్చునే ప్రతి విద్యార్థీ తన బరువును తులాదండం చేసి ఆ అతుకును విప్పజూస్తూనే ఉంటాడు. పదుల ఏండ్లపాటు ఆ విప్పుడును ఓర్చిన అతుకు, చివరకు చీల అరిగి వదులైనదే గాని విరగలేదు. క్రొత్త చీల వేస్తే దాని ఆయుర్దాయం మళ్ళీ మొదలవుతుంది.

రంపపుపొట్టునూ, చెక్కపేళ్ళనూ జిగురుతో అదిమి చేసిన పలకకు ఈ రెండవ జన్మ లేదు. దానికి నార లేదు గనుక, ఒకమారు ఊడిన మరచీల అదే చోట మళ్ళీ పట్టు దొరకక తిరుగుతూ ఉంటుంది. నీరు తగిలితే పొట్టు ఉబ్బి, ఆరిన తరువాత కూడా తన పూర్వపు కొలతకు రాదు. 2024 సెప్టెంబరు మొదట బుడమేరు పొంగి సింగ్‌నగర్ మొదలైన పేటలు రోజుల తరబడి నీట మునిగినప్పుడు, ఈ భేదం మన నగరవాసులకు ఏ ఉపన్యాసమూ అక్కరలేకుండానే తెలిసివచ్చింది. నానిన టేకు కుర్చీని నీడన ఆరబెట్టి, అతుకులు బిగిస్తే మళ్ళీ కూర్చోవచ్చు. నానిన పొట్టుపలక అలమారను బండిలో వేసి పంపడం తప్ప చేయదగినది లేదు. చౌక అని కొన్నది ఎన్నిమార్లు కొనవలసివస్తుందో లెక్కలో వేసినప్పుడే దాని అసలు ధర తేలుతుంది.

అయితే గట్టి కొయ్య తెచ్చి మేకులు కొట్టినంత మాత్రాన మంచి సామాను కాదు. కొయ్య చెట్టునుండి వేరైన తరువాత కూడా గాలిలోని తేమను పీల్చుతూ, వదులుతూ ఉంటుంది. మన డెల్టాలో వానకాలం తలుపులు బిగుసుకోవడం, వేసవిలో అవే తలుపుల నడుమ సందులు పడడం అందరూ ఎరిగినదే. ఈ పెరుగుదల, తరుగుదల అన్ని దిక్కులా ఒకటిగా ఉండవు. నిలువునా కొయ్య దాదాపు మారదు. అడ్డంగా మారుతుంది. ఆ అడ్డంలోనూ, మాను నడిమినుండి బెరడు వైపు పోయే దిక్కున కంటె, వయసు వలయాల వెంట పోయే దిక్కున మార్పు సుమారు రెట్టింపుగా ఉంటుంది. అందుకే పచ్చికొయ్యతో చేసిన బల్ల పైపలక మెలిదిరుగుతుంది. అందుకే కోసిన పలకలను నేలకు తగలకుండా, నడుమ గాలి ఆడేటట్లు పుల్లలు పెట్టి పేర్చి, నీడన నెలల తరబడి ఆరనిస్తారు. పలకల తలుపులో నడిమి పలకను చట్రపు గాడిలో జిగురు లేకుండా స్వేచ్ఛగా వదలడం కూడా ఈ కారణం చేతనే. చూచేవారికి అది అలంకారం. చేసేవాడికి అది కొయ్యకు ఊపిరి సలపనిచ్చే ఏర్పాటు. బంధించవలసినదానిని బంధించడం, కదలవలసినదానిని కదలనివ్వడం ఈ విద్యలో ప్రథమ సూత్రం.

ఏ కొయ్య ఏ పనికి అన్న వివేకం రెండవ సూత్రం. టేకులో సహజంగా ఉండే నూనెగుణం వల్ల చెదపురుగు దాని జోలికి అంతగా పోదు. ఆరిన తరువాత అది పెద్దగా మెలిదిరగదు కూడా. నల్లతుమ్మ దెబ్బకు ఓర్చుతుంది గనుక బండిచక్రాలకూ, వ్యవసాయపు పనిముట్లకూ వాడేవారు. ముదురు తాటిమాను దూలమై డెల్టా ఇండ్ల కప్పులను మోసింది. మనకు ఇరవై కిలోమీటర్ల దూరాన కొండపల్లిలో బొమ్మలు చేసేవారు మెత్తని, తేలికైన తెల్లపొణికి కర్రను ఎన్నుకొని, ముక్కలను చింతగింజల పిండి, రంపపుపొట్టు కలిపిన మక్కుతో అతుకుతారు. నూజివీడులో వీణ చేసేవారు పనసను ఎన్నుకుంటారు. పెడనలో కలంకారీ అచ్చులు చెక్కేవారికి సన్నని గీత కూడా చెదరకుండా నిలిచే టేకు కావాలి. కృష్ణమ్మ ఒడ్డున ఉన్న మనకు ఈ మూడు ఊళ్ళూ మూడు కళాశాలల వంటివి. వాటిని మనం విహారయాత్రకు తప్ప విద్యకోసం చూడలేదు.

ఇక పనిముట్లు. రంపాలన్నీ ఒకటే అనుకుంటాము. నిలువుకోత రంపపు పండ్లు చిన్న చిన్న ఉలుల వరుస వలె నారను తొలుచుకుపోతాయి. అడ్డకోత రంపపు పండ్లు కత్తిమొనల వలె నారను రెండువైపులా ముందుగా తెంచుతాయి. ఒకదాని పని మరొకదానితో చేస్తే కోత చిరుగుతుంది. చిత్రిక పట్టేవాడు మొదట కొయ్య పక్కను చూచి, నార ఏ వైపుకు వాలి ఉన్నదో గుర్తిస్తాడు. ఆ వాలు వెంట పోతే చిత్రిక కింద పొర కాగితంలా చుట్టలు చుట్టి లేస్తుంది. ఎదురుపోతే నార పెళ్ళలుగా లేచి పలక గరుకు దేరుతుంది. పిల్లి వెన్ను నిమిరిన పసివాడికి కూడా ఈ భేదం తెలుసు. ఉలి అంచును ఇరవైయైదు, ముప్పై డిగ్రీల నడుమ వాలుగా సానరాతిపై నూరి, వెనుకవైపు లేచిన సన్నని పొర పోయేవరకు తిరగవేసి రుద్దాలి. మొద్దుబారిన ఉలి పదునైన ఉలి కంటె అపాయకరం. మొద్దుదానిని బలవంతంగా నెట్టవలసివస్తుంది, నెట్టిన చేయి జారుతుంది. అందుకే మంచి గురువు శిష్యుడికి మొదటి నెలలో కొయ్య ఇవ్వడు, సానరాయి ఇస్తాడు. మన భాషలో 'చిత్రిక పట్టడం' అన్న మాటను సాహిత్య విమర్శలో ధారాళంగా వాడుతున్నాము. ఆ చిత్రికను చేత పట్టినవారు మాత్రం మనలో ఎందరు?

మాటల ప్రస్తావన వచ్చింది గనుక, తెలుగు ఉర్దూ రెండూ చదివే మన కళాశాలకు ప్రత్యేకంగా ఆసక్తి కలిగించే సంగతి ఒకటి మనవి చేస్తాను. ఆ మేస్త్రీ పెట్టె తెరిస్తే అందులో మన రెండు భాషలూ కలిసిమెలిసి ఉన్నాయి. ఉలి మన ద్రావిడపు మాట. తమిళ కన్నడాలలోనూ ఉన్నది. తెలుగువాడి చిత్రికను ఉర్దూవాడు రందా అంటాడు. తెలుగువాడు కూడా బెజ్జం వేసే పనిముట్టును బర్మా అనే అంటాడు. అది పారసీక పదం. బర్మా టేకు వచ్చిన దేశానికీ దానికీ సంబంధం లేదు. గీత గీసే కొయ్యకు ఉర్దూలో ఖత్‌కష్ అని పేరు. 'గీత లాగేది' అని అర్థం. కోణం సరిచూచే మూలమట్టాన్ని ఉర్దూలో గునియా అంటారు. ఈ మాట పారసీకానికి గ్రీకునుండి వచ్చింది. గ్రీకులో 'గోనియా' అంటే కోణం. మన గణిత విద్యార్థులు చదివే ట్రిగొనామెట్రీలోని 'గొన' ఇదే. యూక్లిడ్ భాషలోని మాట ఒక వడ్రంగి సంచిలో నేటికీ బ్రతికి ఉన్నదంటే ఆ సంచిని చులకనగా చూడగలమా?

ఇంట్లోని సామాను పేర్లు చూచినా అంతే. పీట సంస్కృతం నుండి, కుర్చీ అరబ్బీ నుండి, అలమార పోర్చుగీసు నుండి, బీరువా ఫ్రెంచి నుండి వచ్చాయి. బల్ల మనది. దానిని చేసే మేస్త్రీ పేరు పోర్చుగీసువారు ఇచ్చినది. గోల్కొండ సుల్తానుల రేవుపట్టణమైన మచిలీపట్నం మనకు ఒక పగటి దూరంలోనే ఉన్నది. పారసీక వర్తకులతోపాటు డచ్చివారు 1605లో, ఇంగ్లీషువారు 1611లో అక్కడకు వచ్చారు. సరుకుతో మాట వచ్చింది, మాటతో వస్తువు వచ్చింది. పనివాడు ఏ భాషనూ పరాయిదని తిప్పికొట్టలేదు. పనికివచ్చినదానిని పెట్టెలో వేసుకున్నాడు. ఈ సహవాసం మన చరిత్ర పుస్తకాలలో కంటె ఆ పెట్టెలోనే స్పష్టంగా కనిపిస్తుంది.

ఈ విద్య మన తెలుగు తీరాన ఎంతటి శిఖరాలకు ఎక్కినదో విశాఖపట్నం చెబుతుంది. పద్దెనిమిదవ శతాబ్దంలో అక్కడి పనివారు జిట్రేగి, టేకు మొదలైన కొయ్యలతో కుర్చీలు, పెట్టెలు, అలమారలు చేసి, ఏనుగుదంతపు పలకలను పొదిగి, వాటిపై పూలతీగలను గీటి, ఆ గీట్లలో నల్లలక్క నింపేవారు. రూపం యూరపువారిది, తీగల అల్లిక మన కోరమండల్ అద్దకపు వస్త్రాలను తలపించేది. ఇంగ్లండు రాజు మూడవ జార్జి 1781లో తన రాణి షార్లెట్ కొరకు కొన్న దంతపు కుర్చీలు విశాఖపట్నంలో చేసినవే. వాటిని అమ్మినవారి పేరు, కొన్నవారి పేరు చరిత్రలో ఉన్నాయి. చేసినవారి పేరు లేదు. దంతపు వ్యాపారం నేడు నిషిద్ధం, అది న్యాయమే. కాని పేరు లేకుండా పోయిన ఆ చేతులను గురించి మనం సిగ్గుపడవలసి ఉన్నది. చేసినదానికి విలువ ఇచ్చి, చేసినవాడికి ఇవ్వకపోవడం మనకు పాత అలవాటు.

ఆ అలవాటు ఫలితం ఎలా ఉంటుందో మరొక దేశపు ఉదాహరణతో చెబుతాను. జెరూసలేంలోని అల్ అక్సా మసీదులో ఒక కొయ్య మింబర్ ఉండేది. నూరుద్దీన్ జంగీ దానిని అలెప్పోలో 1168 ప్రాంతాన చేయించగా, 1187లో ఆ నగరాన్ని గెలిచిన సలాహుద్దీన్ దానిని తెప్పించి నిలిపాడు. రేఖాగణితపు ఆకృతులలో కోసిన వేలాది ముక్కలు మేకు లేకుండా, జిగురు లేకుండా ఒకదానినొకటి పట్టుకొని నిలిచిన అద్భుతం అది. 1969 ఆగస్టులో ఒక దుండగుడు పెట్టిన మంటలో అది కాలిపోయింది. మళ్ళీ చేయాలని సంకల్పించినప్పుడు ధనానికి లోటు లేదు, కొయ్యకు లోటు లేదు. ఆ కూర్పు తెలిసినవారు కావలసివచ్చారు. పాత ఛాయాచిత్రాలు చూచి ఆకృతులను మళ్ళీ గీసి, పలు దేశాల నుండి పనివారిని సమకూర్చి, క్రొత్త మింబర్‌ను జోర్డాన్‌లో చేయించి నిలిపేసరికి 2007వ సంవత్సరం వచ్చింది. కాల్చడానికి ఒక ఉదయం చాలింది. మళ్ళీ కట్టడానికి ముప్పై ఏడేండ్లకు పైగా పట్టింది. ఒక తరం చేతులనుండి జారిపోయిన విద్యను తిరిగి పట్టుకోవడం ఇంత కష్టం.

మన మతాలు ఈ పనిని ఎన్నడూ తక్కువగా చూడలేదు. జకరియ్యా ప్రవక్త వడ్రంగి అని హదీసు చెబుతున్నది. ఓడ కట్టిన నూహ్ ప్రవక్త కథ మనకు తెలుసు. విశ్వకర్మ ఐదుగురు కుమారులలో మయునికి కొయ్యపనిని అప్పగించినది మన సంప్రదాయం. మతాలు పీఠం వేసి కూర్చోబెట్టిన పనిని సమాజం కులానికి కట్టి గడప బయట నిలబెట్టింది. చదువు వచ్చిన ఇంట పనిముట్టు అటకెక్కింది. "చదువుకుంటే ఈ పని తప్పుతుంది" అని తండ్రి, "చదువు రాక ఈ పనిలో పడ్డాను" అని కొడుకు అనుకునేంతవరకు చేతికీ, పుస్తకానికీ నడుమ గోడ ఉండనే ఉంటుంది.

ఆ గోడను పడగొట్టాలని చూచిన మహనీయులలో ఒకరు హైదరాబాదులో 1897లో పుట్టినవారు. 1937లో వార్ధాలో గాంధీజీ సమకూర్చిన విద్యా సమ్మేళనం తరువాత, బునియాదీ విద్యకు ప్రణాళిక రాసిన సంఘానికి అధ్యక్షుడు డాక్టర్ జాకిర్ హుస్సేన్. నూలు వడకడం, నేత, వ్యవసాయం వంటి పనులతోపాటు వడ్రంగాన్ని కూడా ఆ ప్రణాళిక విద్యకు మూలాధారమైన వృత్తిగా సూచించింది. చదువు పూర్తయిన తరువాత మిగిలిన గంటలో నేర్పే కాలక్షేపంగా కాదు. ఆ పని ద్వారానే లెక్కలు, శాస్త్రం, భాష నేర్పాలని దాని ఆశయం. 1964 నుండి 1966 వరకు పనిచేసిన కొఠారీ సంఘం 'పని అనుభవం' అన్నది. 2020 జాతీయ విద్యావిధానం ఆరునుండి ఎనిమిది తరగతుల పిల్లలు పది రోజులు సంచులు లేకుండా స్థానిక వడ్రంగులు, కుమ్మరులు మొదలైనవారి వద్ద పని నేర్వాలన్నది. ఎనిమిది దశాబ్దాలకు పైగా పెద్దలు ఇదే మాట చెబుతున్నారు. మనం కాగితంపై అంగీకరిస్తూనే ఉన్నాము.

దీనికి వచ్చే ఆక్షేపణలు నేను ఎరుగనివి కావు. మొదటిది, యంత్రాలు వచ్చిన కాలంలో చేతిపని ఎందుకని. యంత్రానికి నేను శత్రువును కాను. గంటసేపు చిత్రిక పట్టవలసిన పలకను యంత్రం నిమిషాలలో చదును చేస్తుంది, చేయనివ్వండి. కాని నార వాలు తెలియనివాడు యంత్రంతో కూడా కొయ్యను చెడగొడతాడు, వేగంగా చెడగొడతాడు. మన ఆటోనగర్‌లో లారీ బాడీ కట్టే కొయ్యపనివాడు విద్యుత్తు రంపం వాడినా, ఏ దూలం ఎటు బరువు మోస్తుందో అతని బుద్ధే నిర్ణయిస్తుంది. చేతితో నేర్చినది యంత్రాన్ని ఏలడానికి పనికివస్తుంది.

రెండవ ఆక్షేపణ, పట్టభద్రులు కాబోయేవారికి ఇది ఎందుకని. జార్జి నకాషిమా అన్న అమెరికన్ వాస్తుశిల్పి ఎం.ఐ.టి. పట్టభద్రుడు. 1930లలో పుదుచ్చేరిలోని అరవింద ఆశ్రమంలో గోల్కొండ అనే వసతి భవన నిర్మాణాన్ని పర్యవేక్షించాడు. రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో, 1942లో, జపాను సంతతివాడన్న నెపంతో అతనిని కుటుంబంతో సహా నిర్బంధ శిబిరంలో ఉంచారు. అక్కడ తోటి నిర్బంధితుడైన ఒక వడ్రంగి వద్ద జపాను చేతి పనిముట్ల వాడకం నేర్చి, విడుదలైన తరువాత లోకప్రసిద్ధమైన కొయ్యసామాను చేశాడు. పెద్ద పట్టా ఉన్నవాడు వడ్రంగి వద్ద శిష్యుడై కూర్చోవడం వల్ల ఆ పట్టా విలువ తరగలేదు, పెరిగింది.

మూడవది, అడవులు తరుగుతున్న కాలంలో కొయ్యపనిని ప్రోత్సహించవచ్చునా అని. పోయే సామానును నిలబెట్టడం నేర్పితే ఒక చెట్టును కాపాడినట్లే గదా! పైగా నేర్చుకునేవారికి క్రొత్త టేకు అక్కరలేదు. గవర్నర్‌పేట, సూర్యారావుపేట వీధులలో పాత ఇండ్లు పడగొట్టి అంతస్తుల భవనాలు లేపుతున్నప్పుడు ద్వారబంధాలు, దూలాలు, కిటికీ చట్రాలు బయటపడుతుంటాయి. దశాబ్దాలుగా ఆరిన ఆ కొయ్య ఏ దుకాణంలోనూ దొరకనంత నికరమైనది. మేకులు ఏరి, పైపొర తీస్తే లోపల బంగారు ఛాయ.

నాలుగవది, ఖర్చు. అది కార్యవర్గం వారు తప్పక అడగవలసిన ప్రశ్న. ఈ గదికి కావలసినది భవనం కాదు. నాలుగు గట్టి పనిబల్లలు, రంపాలు, ఉలులు, చిత్రికలు, కొయ్యసుత్తులు, మూలమట్టాలు, సానరాళ్ళు, ఒక మేస్త్రీకి గౌరవ వేతనం. మనం బాగుచేయకుండా పారవేసే బల్లల ధరను దీని పక్కన పెట్టి చూడవలెనని మనవి. 2023 సెప్టెంబరు 17న కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన విశ్వకర్మ పథకంలో పద్దెనిమిది వృత్తులలో వడ్రంగం ఒకటి. ఆ పథకం శిక్షణ పొందిన పనివారికి పనిముట్ల కొరకు 15,000 రూపాయలు, హామీ లేకుండా రెండు విడతలుగా 3 లక్షల రూపాయల వరకు రుణం ఏర్పాటు చేసింది. ఆ పథకం కుటుంబ వృత్తిదారుల కొరకు, విద్యార్థుల కొరకు కాదు. కాని మన విద్యార్థులలో అటువంటి ఇండ్ల బిడ్డలు ఉన్నారు. తండ్రి చేతి పనికి కళాశాలలో గౌరవం చూచిన బిడ్డ, ఆ పథకం దరఖాస్తును తండ్రి కొరకు తలెత్తుకొని నింపుతాడు.

కనుక కళాశాల కార్యవర్గం వారికి నా సూచనలు ఇవి. మొదటిది, ఏ కొయ్యసామానునైనా వేలానికి పెట్టేముందు ఒక వడ్రంగికి చూపించాలి. రెండవది, క్రొత్త సామాను కొనేటప్పుడు తక్కువ ధర ఒక్కటే చూడక, ఏ కొయ్య, ఏ అతుకు, చెడితే బాగుచేయవచ్చునా అన్న మూడు ప్రశ్నలు కూడా అడగాలి. మూడవది, వారానికి రెండు సాయంత్రాలు తెరిచి ఉండే వడ్రంగి గదిని ఈ విద్యాసంవత్సరంలోనే మొదలుపెట్టాలి. విద్యార్థినులకూ అందులో సమాన ప్రవేశం ఉండాలి. నాలుగవది, నేర్పే మేస్త్రీ పేరు అధ్యాపకుల పట్టికలో ఉండాలి. విశాఖ కుర్చీల విషయంలో జరిగిన పొరపాటు మన పుటలలో జరగకూడదు. ఐదవది, తెలుగు, ఉర్దూ శాఖలు కలిసి మన జిల్లా వడ్రంగుల మాటలను సేకరించాలి. భద్రిరాజు కృష్ణమూర్తిగారు వ్యవసాయ పదాలతో 1962లో మాండలిక వృత్తి పదకోశానికి శ్రీకారం చుట్టి దారి చూపారు. రెండు లిపులలో పక్కపక్కనే అచ్చయ్యే అటువంటి చిన్న పట్టిక మన కళాశాల తప్ప మరెవరు చేయగలరు?

విద్యార్థి మిత్రులకు ఒక్క మాట. ఈ గది తెరిస్తే మొదట చేయవలసినది ముక్కాలిపీట. నాలుగు కాళ్ళ పీటకు నేల సమంగా లేకపోతే ఊగులాట తప్పదు. మూడు కాళ్ళ పీట ఏ నేలమీదనైనా నిలుస్తుంది. మూడు బిందువులు ఒక తలాన్ని నిర్ణయిస్తాయని మనం పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నాము. ఆ సూత్రం మీద కూర్చొని చూచినవారు ఎవరూ లేరు. మొదటి పీట వంకరగా వస్తుంది. రెండవదాని కుసి వదులవుతుంది. మూడవది నిలబడుతుంది. తప్పును దిద్దే ఎర్రసిరా ఇక్కడ లేదు. పీట ఊగితే ఊగినట్లే, అబద్ధమాడడానికి వీలు లేదు. ఈ నిజాయితీ ఏ వృత్తిలోకి పోయినా మీకు పనికివస్తుంది.

మన ఈ వార్షిక సంచికలో తెలుగు పుటలు ఎడమనుండి, ఉర్దూ పుటలు కుడినుండి మొదలై నడుమ కలుస్తాయి. రెండు కొయ్యలు కలిసిన చోట బిగువు ఉంటే బల్ల నిలుస్తుంది. వరండా మూలనున్న బల్లలు ఆ బిగువు కొరకు ఎదురుచూస్తున్నాయి. వచ్చే సంవత్సరం ఈ పుటలు తెరిచే విద్యార్థి వాటిలో ఒకదానిమీద కూర్చొని చదవాలని, దానిని నిలబెట్టిన చేయి మన విద్యార్థిదే కావాలని కోరుతున్నాను. నిర్ణయం కార్యవర్గం వారిది, ఉత్సాహం విద్యార్థులది.